చిక్కిన చేప జారిపోకుండా: గాలపు నిర్మాణంలోని శాస్త్రం

మానవుడు ఆహార సంపాదనకై కల్పించుకొన్న పనిముట్లలో గాలం వలె అల్పమైనదీ, గాలం వలె ప్రాచీనమైనదీ మరొకటి అరుదు. వేలెడు పొడవైన లేని ఈ వంకర తీగను మనం చులకనగా చూస్తాము. కాని దానిని పరిశీలనగా చూచినచో అందులో బలాల సూత్రం ఉన్నది, లోహాన్ని కాచి పదును చేసే విద్య ఉన్నది, చేప దేహనిర్మాణానికి సంబంధించిన జ్ఞానం ఉన్నది. తరగతిలో మనం వేర్వేరు గంటలలో చదువుకొనే పాఠాలు చెరువుగట్టుపై ఒకే వస్తువులో కలిసి కనిపిస్తాయి.

ఉమ్మడి నిజామాబాదు జిల్లా నీటికి కొదువ లేని సీమ. మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగరం బోధను ప్రాంతపు చెరుకు తోటలకు ప్రాణం పోసింది. గోదావరిపై శ్రీరాంసాగరం వెలిసింది. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి మొదలుకొని ఇందల్వాయి పరిసర గ్రామాల చిన్న చెరువుల వరకు నీరున్న ప్రతి చోటా చేపలు ఉన్నాయి, వాటిపై ఆధారపడిన కుటుంబాలూ ఉన్నాయి. పెద్ద జలాశయాలలో వలలదే ప్రధాన స్థానం. అయితే వలకు పెట్టుబడి కావాలి, తెప్పయో పడవయో కావాలి, తోడుగా మరొక మనిషి కావాలి. ఇవి లేనివానికి మిగిలేది గాలం ఒక్కటే. అటువంటి వానికి గట్టు వరకు వచ్చిన చేప జారిపోయినచో ఆ పూట కూర పోయినట్లే, ఒక్కొక్కప్పుడు ఆనాటి కూలి పోయినట్లే.

నష్టం అతనికి మాత్రమే కాదు. నోరు చిరిగి, గొంతులో ఇనుప ముక్కతో తప్పించుకొన్న చేప ఎంతకాలం బ్రతుకుతుందో చెప్పలేము. అది పట్టినవానికీ దక్కదు, చెరువుకూ దక్కదు. కనుక పడిన చేపను జారిపోకుండా నిలుపుకోవడమెట్లా అన్న ప్రశ్న వేటగాని లాభానికి సంబంధించినదే కాక, వ్యర్థాన్ని తగ్గించడానికి సంబంధించినది కూడాను.

గాలపు పూర్వ చరిత్ర

తొలి మానవుని గాలం వంకరగా ఉండేది కాదు. రెండు కొనలూ చెక్కిన ఎముక పుల్లకు నడుమ దారం కట్టి, ఎరలో దాచి నీటిలో వేసేవారు. చేప దానిని మ్రింగిన తరువాత దారం లాగితే పుల్ల అడ్డం తిరిగి గొంతులో ఇరుక్కొనేది. వంపు తిరిగిన గాలం తరువాతి మెట్టు. జపాను దేశపు ఒకినావా ద్వీపంలోని సాకితారి గుహలో నత్తగుల్లతో చేసిన గాలాలు లభించాయి. అవి సుమారు 23,000 సంవత్సరాల నాటివని 2016లో పరిశోధకులు ప్రకటించారు. జోర్డాన్ నదీతీరంలోని హులా లోయలో దొరికిన ఎముక గాలాలను గూర్చిన వివరాలు 2021లో వెలువడినాయి. పన్నెండు వేల ఏళ్లకు పైబడిన ఆ గాలాలు ఒకే అచ్చులో పోసినట్లు లేవు. వాటి పరిమాణంలో, ఆకారంలో తేడాలు ఉన్నాయి. కొన్నింటికి ముల్లు చెక్కి ఉన్నది. దారం జారకుండా గాట్లు ఉన్నాయి. చేప చేపకూ గాలం మారాలని ఆనాటివారే గ్రహించారన్నమాట. మన సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారో మొదలైన స్థలాలలో రాగి గాలాలు లభించాయి. దారం కట్టుకొనే కన్ను, కొన వద్ద ముల్లు గల ఆ గాలాలను నేటి అంగడిలో పెట్టినా ఎవరూ వింతగా చూడరు.

భాష కూడా ఈ చరిత్రకు సాక్ష్యం చెబుతుంది. సంస్కృతంలో గాలానికి బడిశమని పేరు. ఉర్దూలో 'కాంటా' అన్న ఒకే మాటకు ముల్లు అనీ, గాలమనీ రెండర్థాలు ఉన్నాయి. ముల్లు నుండి గాలం పుట్టిందనే ఊహకు ఆ పదమే ఆధారంగా నిలుస్తుంది.

గాలపు అంగాలు

మున్ముందు చర్చకు వీలుగా గాలపు భాగాలను గుర్తించుకొందాము. దారం కట్టే రంధ్రం కన్ను. అక్కడి నుండి నిటారుగా దిగేది కాడ. కాడ చివర వంపు. వంపు దాటి పైకి లేచినది కొన. కొనకు కొంచెం వెనుకగా, దిగిన దారిని వెనుకకు రాకుండా అడ్డుపడే చిన్న చీలిక ఉంటుంది. దీనిని ఎదురుముల్లు అందాము. కాడకూ కొనకూ నడుమ గల వెడల్పును ఎడం అందాము.

చేప తప్పించుకొనే మార్గాలు నాలుగు. కొన సరిగా దిగకపోవడం మొదటిది. దిగిన కొన వెనుకకు జారడం రెండవది. పట్టుకొన్న చోట మాంసం చిరగడం మూడవది. గాలమే సాగిపోవడమో విరగడమో నాలుగవది. ఏ మార్గాన చేప పోయిందో తెలియకుండా గాలాన్ని మార్చడం రోగమెరుగక మందు వేయడం వంటిది.

మొదటి మార్గం: కొన దిగకపోవడం

పీడనమంటే ఒక ప్రమాణ వైశాల్యంపై పడే బలమని భౌతికశాస్త్రంలో చదువుకొన్నాము. కొన మొద్దుబారి దాని అడ్డుకొలత రెట్టింపైనదనుకొందాము. అప్పుడు వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. అదే లాగుడుకు పీడనం నాలుగవ వంతుకు పడిపోతుంది. అందువలననే అనుభవజ్ఞుడైన జాలరి గాలాన్ని గోటిపై మెల్లగా ఆనించి చూస్తాడు. కొన గోటిని పట్టుకొంటే పదునున్నట్లు, జారిపోతే లేనట్లు. మొద్దుబారిన గాలాన్ని పారవేయనక్కరలేదు. సన్నని ఆకురాయితో కొన వైపుగా నాలుగు రుద్దులు రుద్దితే చాలును.

పదునుతో పాటు దిశ కూడా ముఖ్యమే. దారం లాగే దిశ, కొన చూచే దిశ ఒకటైతే లాగుడంతా దిగడానికే వినియోగమవుతుంది. రెండింటి నడుమ 30 డిగ్రీల కోణం ఉన్నచో నూటికి 87 వంతులు మాత్రమే ఆ పనికి వస్తుంది. కోణం 60 డిగ్రీలైతే సగమే మిగులుతుంది. కొన మరీ బయటికి తెరుచుకొన్న గాలం చూపుకు భయంకరంగా ఉంటుంది గాని, లాగినప్పుడు దిగడానికి బదులు గీరుకొంటూ పోతుంది.

రెండవ మార్గం: వెనుకకు జారడం

ఎదురుముల్లు పుట్టినది దీనిని అరికట్టడానికే. చేప తల విదిలించినా, గట్టు వైపు పరుగెత్తినా, నీటిపైకి ఎగిరినా దారం ఒక క్షణం సడలుతుంది. లాగుడు లేని ఆ క్షణంలో గాలాన్ని నిలిపేది ఎదురుముల్లే. అయితే ముల్లు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. కొనతో పాటు ముల్లు కూడా మాంసంలో దిగాలి కదా. పెద్ద ముల్లు దిగడానికి ఎక్కువ బలం కావాలి. అది సగంలో ఆగిపోతే ముల్లు ఉండీ లేనట్లే. పైగా పెద్ద ముల్లు చేసే రంధ్రం కూడా పెద్దదే. ఆ రంధ్రం పెనుగులాటలో ఇంకా విస్తరిస్తుంది. కనుక ముల్లు పొట్టిగా, కొనకు దగ్గరగా ఉండడం మేలు. అప్పుడు చిన్న లాగుడుకే ముల్లు లోపలికి చేరుతుంది.

ముల్లును మించిన ఉపాయం దారాన్ని సడలనీయకపోవడం. వంగే గుణం గల వెదురు గడ ఈ పనినే చేస్తుంది. చేప దూరమైనప్పుడు వంగి, దగ్గరైనప్పుడు తిరిగి లేచి, రెండు వేళలా దారాన్ని బిగువుగా ఉంచుతుంది. గడ ఒక స్ప్రింగు వంటిది. వంగని కర్రకు ఎంత మంచి గాలం కట్టినా ప్రయోజనం తక్కువ.

మూడవ మార్గం: మాంసం చిరగడం

సన్నని తీగ త్వరగా దిగుతుంది, కాని సన్నని దారం మెత్తని జున్నును కోసినట్లు పెదవిని కోస్తుంది. లావు తీగ కోయదు, కాని దిగడం కష్టం. ఈ వైరుధ్యాన్ని తీర్చడానికి గాలపు తయారీదారులు వంపు భాగాన్ని సమ్మెటదెబ్బతో ఇరుప్రక్కలా కొంత చదును చేస్తారు. అప్పుడు లాగుడు పడే దిశలో తీగ మందం పెరిగి వంపునకు బలం వస్తుంది. కొన మాత్రం సన్నగానే ఉంటుంది. ఇక ఎడం చాలినంత ఉంటే పెదవి అంచును గాక లోపలి గట్టి భాగాన్ని కూడా గాలం కలుపుకొని పట్టుకొంటుంది.

చేప గట్టు వద్దనే ఎక్కువగా ఎందుకు జారుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. చేప దేహసాంద్రత నీటి సాంద్రతకు మిక్కిలి దగ్గర. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం నీటిలో దానికి బరువు దాదాపు లేనట్లే. రెండు కిలోల చేపను నీటి నుండి పైకెత్తిన క్షణాన ఆ రెండు కిలోల భారమూ, దాని కొట్టుకొనే బలమూ కలిసి పెదవిలోని ఒక్క రంధ్రంపై పడతాయి. అప్పటి వరకు నిలిచిన మాంసం అప్పుడు చిరుగుతుంది. ఒడ్డున పడ్డ చేప మనదేనని నమ్మేవారు దానిని ఒడ్డుకు చేర్చే ఆ ఒక్క గజం దూరాన్ని మరచిపోతారు. చేతి వలను నీటిలోనే చేప క్రిందికి పోనిచ్చి ఎత్తుకొంటే గాలంపై ఆ భారమే పడదు.

నాలుగవ మార్గం: సాగడం, విరగడం

గాలాన్ని సాగదీసేది లాగుడు ఒక్కటే కాదు. లాగుడును ఎడంతో గుణించగా వచ్చే వంచే శక్తి వంపుపై పడుతుంది. ఎడం పెరిగితే పట్టు పెరుగుతుంది గాని, వంపుపై భారమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. దీనిని తట్టుకొనే శక్తి తీగ అడ్డుకొలత ఘనాన్ని అనుసరించి ఉంటుంది. అడ్డుకొలతను నాలుగవ వంతు పెంచితే, అనగా 1 నుండి 1.25కు పెంచితే, బలం దాదాపు రెట్టింపు అవుతుంది. ఇంత కొద్ది మార్పుకు ఇంత ఫలమున్నదని లెక్క వేయనివారికి తోచదు.

లోహపు గుణం దీనికంటె ముఖ్యం. మెత్తని ఇనుము సాగిపోతుంది. కాచి నీట ముంచిన ఉక్కు కఠినమవుతుంది గాని పెళుసుబారి విరుగుతుంది. ఈ రెంటి నడుమ సమతూకం సాధించడమే విద్య. అధిక కర్బనం గల ఉక్కు తీగను కోసి, కొన తీర్చి, ముల్లు చీల్చి, వంచి, ఎర్రగా కాచి నూనెలో చల్లార్చి, పిమ్మట తక్కువ వేడిపై మరల కాస్తారు. ఈ రెండవ కాపు వలన కాఠిన్యం కొంత తగ్గి సాగుదల వస్తుంది. చివరకు తుప్పు పట్టకుండా తగరం, నికెలు వంటి లోహపు పూత పూస్తారు. నార్వేలోని ముస్తాద్ కర్మాగారంలో 1877లో గాలాలను చేసే స్వయంచాలక యంత్రం రూపొందింది. ఆ తరువాత గాలం ప్రపంచమంతటా చవుక సరుకైనది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. 1666-67 ప్రాంతంలో మన దేశంలో పర్యటించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో గోలకొండ మార్గంలోని ఇందల్వాయిని పేర్కొన్నాడు. అక్కడ ఖడ్గాలు, బాకులు, ఈటెలు విరివిగా తయారై దేశమంతటా అమ్ముడుపోయేవనీ, సమీపపు కొండలోని గని నుండి ఇనుము తీసేవారనీ వ్రాశాడు. ఉమ్మడి జిల్లాలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసే ఉక్కును గూర్చి వాయిసీ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వ్రాసిన వివరం 1832లో అచ్చయినది. ఆ ఉక్కు కోసం పారశీక దేశపు వర్తకులు అంత దూరం వచ్చేవారు. ఆంగ్లంలో 'వూట్జ్' అని ప్రసిద్ధి పొందిన పేరుకు మన 'ఉక్కు' అన్న మాటే మూలమని పండితుల అభిప్రాయం. ఖడ్గం సాగకుండా, విరగకుండా ఉండడానికి ఏ విద్య కావాలో గాలానికీ అదే విద్య కావాలి. నేడు అదే ఇందల్వాయి చెరువుగట్టున కూర్చున్నవాడు ఎక్కడో తయారైన గాలం సాగిపోయిందని వాపోవడం ఆలోచింపదగిన విషయం.

నోటిని బట్టి గాలం

అన్ని చేపలకూ ఒకే గాలం పనికిరాదు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. అది నీటి పైభాగాన మేస్తుంది. రోహు పెదవులు కుచ్చుల అంచు గలవి. బంగారుతీగ అడుగున బురదలో వెదకి, ఎరను పీల్చి, అనుమానం కలిగితే వెంటనే ఉమిసివేస్తుంది. ఈ జాతికి దవడలపై పళ్లుండవు, గొంతులో ఉంటాయి. పెదవులు మెత్తనివి, ముందుకు సాగేవి. వీటికి చిన్నదై, పొట్టి కాడ గలదై, మిక్కిలి పదునైన గాలం కావాలి. పెద్ద గాలాన్ని అవి పీల్చలేవు. మొరటుగా లాగితే పెదవి చిరుగుతుంది.

2016లో తెలంగాణ రాష్ట్ర మత్స్యంగా ప్రకటింపబడిన కొర్రమీను తీరు వేరు. దాని దవడలు గట్టివి, పళ్లతో నిండినవి. కప్పను, చిన్న చేపను ఒక్క ఊపున అందుకొంటుంది. దీనికి ఎడం ఎక్కువై, తీగ లావై, కొన పదునైన గాలం కావాలి. ఎడంలో ఎర కూరుకొనిపోతే కొన దిగడానికి చోటే ఉండదు. కనుక ఎరను కొన బయట కనిపించేటట్లు గ్రుచ్చాలి. వాలుగ నోరు ఇంకా పెద్దది. దాని పళ్లు దారాన్ని రాచి తెంపుతాయి. కాబట్టి గాలానికి పైన జానెడు సన్నని లోహపు తీగను కట్టి, ఆ పైన నైలాన్ దారం కట్టడం మంచిది. నైలాన్ దారానికి వేసే ముడిని బిగించే ముందు తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలహీనపడుతుంది.

గుండ్రని గాలం చెప్పే పాఠం

గాలపు నిర్మాణంలో ఇటీవలి పెద్ద మార్పు నిజానికి పాత జ్ఞానమే. పసిఫిక్ మహాసముద్ర తీరవాసులూ ద్వీపవాసులూ కొన కాడ వైపునకు మళ్లిన గుండ్రని గాలాలను పూర్వమే వాడారు. చూచినవారికి ఇది చేపను ఎట్లా పట్టుకొంటుందా అని అనుమానం కలుగుతుంది. చేప ఎరను మ్రింగి ప్రక్కకు తిరిగి వెళ్లేటప్పుడు గాలం గొంతులో గ్రుచ్చుకోకుండా జారి, నోటిమూలకు వచ్చి, అక్కడ గిర్రున తిరిగి దవడమూలను చుట్టుకొంటుంది. ఒకసారి చుట్టుకొన్న తరువాత దారం సడలినా ఊడదు. కొన లోపలికి మళ్లి ఉండడమే అందుకు కారణం. ఉత్తర పసిఫిక్‌లో హాలిబట్ అనే పెద్ద చేపను పట్టేవారు 1980ల ఆరంభంలో పాత గాలాలను విడిచి ఈ గుండ్రని గాలాలకు మారారు. వారి పట్టుబడి గణనీయంగా పెరిగింది. సముద్రపు తాబేళ్లు గాలం మ్రింగి చనిపోవడం తగ్గుతుందన్న కారణం చేత కూడా అనేక దేశాలు వీటిని ప్రోత్సహించాయి.

దీనికి ఒక నియమం ఉన్నది. మామూలు గాలానికి చేప తగిలిన వెంటనే గడను ఎగలాగాలి. గుండ్రని గాలానికి అట్లా చేస్తే అది తిరిగే లోపలే నోటి నుండి బయటికి వచ్చేస్తుంది. మెల్లగా, ఎడతెగకుండా బిగువు ఇవ్వాలి. కాబట్టి చేతితో గడ పట్టుకొని కూర్చొనేవానికి పాత వంపు గాలం తగును. సాయంకాలం పొడవైన తాడుకు వరుసగా కట్టి, తెల్లవారి తీసే గాలాలకు గుండ్రనివి తగును. ఎందుకనగా రాత్రంతా అక్కడ ఎగలాగే చేయి ఉండదు, దారాన్ని బిగువుగా ఉంచే గడ ఉండదు. పనిముట్టు గొప్పదా కాదా అన్నది దానిని వాడే తీరుపై ఆధారపడి ఉంటుంది.

మనం చేయదగినది

విద్యార్థులారా! ఈ విషయమై మన కళాశాలలోనే ఒక చిన్న పరిశోధన జరుపవచ్చును. స్థానిక మత్స్య సహకార సంఘం అనుమతితో, ఒకే చెరువులో, ఒకే ఎరతో, ఒకే వేళలలో రెండు విధాల గాలాలను సమాన సంఖ్యలో వేయండి. ఎర ముట్టినవి ఎన్ని, తగిలినవి ఎన్ని, గట్టుకు చేరినవి ఎన్ని, జారినవి ఏ మార్గాన జారినవి అని నాలుగు గడులు గీసి వ్రాయండి. గాలం నోటిలో పట్టినదా, గొంతులో పట్టినదా అన్నది అయిదవ గడి. మామూలుగా వేటగాడు దొరికిన చేపలనే లెక్కిస్తాడు. శాస్త్రజ్ఞుడు జారిన చేపలను కూడా లెక్కిస్తాడు. వీరిద్దరికీ గల భేదం అదే. భౌతికశాస్త్ర విద్యార్థి గాలాన్ని సాగదీసే బరువును స్ప్రింగు త్రాసుతో కొలవవచ్చును. జీవశాస్త్ర విద్యార్థి చేప నోటిని పరిశీలించి బొమ్మ గీయవచ్చును. ఆ ఫలితాలను తెలుగులోనూ ఉర్దూలోనూ ఒక్క కాగితంపై సులభంగా వ్రాసి చెరువుగట్టుకు చేర్చగలిగితే మన చదువు అక్కరకు వచ్చినట్లే.

ఒక హెచ్చరిక కూడా అవసరం. గాలం మెరుగుపడే కొద్దీ వివేకం కూడా మెరుగుపడాలి. కొర్రమీను తన పిల్లల గుంపును విడువక కాచుకొని తిరుగుతుంది. ఆ సమయంలో తల్లిదండ్రులను పట్టినచో పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి. వానాకాలపు తొలి వరదలో గ్రుడ్లతో నిండిన చేపలను విడిచిపెట్టడం మరుసటి ఏటి పంటకు విత్తనం దాచుకోవడం వంటిది. నోటిమూలన పట్టిన గాలమైతే అట్టి చేపను గాయం లేకుండా తిరిగి నీటిలో విడువవచ్చును. గొంతులో పట్టినదైతే ఆ అవకాశమే ఉండదు.

కాబట్టి మంచి గాలానికి రెండు లక్షణాలు. పట్టదలచిన చేపను జారనీయకుండా గట్టుకు చేర్చాలి, విడువదలచిన చేపను ప్రాణంతో విడువనీయాలి. పదునైన కొన, పొట్టి ఎదురుముల్లు, నోటికి తగిన ఎడం, సమంగా కాచిన ఉక్కు అనే ఈ నాలుగూ కుదిరినచో ఆ రెండూ సాధ్యమే. వీటిలో ఏ ఒక్కటీ మన చేతికి అందనిది కాదు. ఒక ఆకురాయి, ఒక త్రాసు, కొంత ఓపిక ఉంటే ఈ సెలవులలోనే పని మొదలుపెట్టవచ్చును.